మూడో క్యాసెట్ చివర

సెప్టెంబర్ 9, 2007

సిరిసిల్ల నుంచి ఇప్పుడే వచ్చాను. జుట్టు నిండా నూలు దుమ్ము. అమ్మీ గుమ్మం దగ్గరే నిలబెట్టి, తువ్వాలుతో దులిపి గాని లోపలికి రానివ్వలేదు. రెండు రోజులు మరమగ్గాల షెడ్లలో, సాంచాల మధ్య తిరిగిన చెవుల్లో ఆ మోత ఇంకా ఆగలేదు. కోరుట్ల బస్టాండులో దిగాక కూడా మనుషులు పెదవులు కదుపుతున్నారే గాని మాట్లాడటం లేదనిపించింది. నాకు అదీ బాగానే ఉంది.

కాలేజీ కోసం తీస్తున్న సినిమా షూటింగ్ అయిపోయింది. మూడు క్యాసెట్లు. మొదటి రెండింటిలో నడిచే సాంచాలు, ఆగిపోయిన సాంచాలు, తాళం వేసిన షెడ్లు. మూడోదాని నిండా మొగిలవ్వ. నాతో చదివే దివాకర్ కెమెరా పట్టుకున్నాడు, నేను ప్రశ్నలు అడిగాను, ఆమె నూలు కండెలు చుడుతూ జవాబులు చెప్పింది. ఆమె దివాకర్ వాళ్ల వాడకట్టులోనే, బిడ్డ బాలలక్ష్మి ఇంట్లో ఉంటుంది. కొడుకు జలంధర్ రెండున్నరేళ్ల కింద దుబాయి పోయాడు. అయిదు నెలలు ఫోన్లు చేశాడు. ఆ తర్వాత ఏమీ లేదు. పనిచ్చిన సేఠ్‌ను వదిలి ఎటో పోయాడని ఒకరంటారు, జైల్లో ఉన్నాడని ఇంకొకరంటారు. ఇప్పుడు అక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టింది కదా, కాగితాలు లేనివాళ్లు కూడా ఇంటికి వచ్చేయవచ్చట. ఆ వాడకట్టుకే నలుగురు వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరి ఇంటికీ పోయి అడిగిందట. జలంధర్‌ను చూసినవాళ్లు లేరు.

ఆమె నన్ను ఒక్కటే అడిగింది. బాలలక్ష్మి పెళ్లి రుద్రంగిలో, వాళ్ల సొంతూళ్లో జరిగినప్పుడు వీడియో తీసింది కోరుట్లలో వీడియో దుకాణం నడిపే మా ఖాలిద్ మామూనే. అప్పుడిచ్చిన సీడీని చూసి చూసి అరగదీసింది.

"ఎక్కడ వాడు అస్తడో గక్కన్నే బొమ్మ గళ్లుగళ్లయి ఆగుతది బిడ్డా. అసలు క్యాసెట్ మీ దుకాన్ల ఉంటదట గద. జర నాకు ఇంకో సీడీ చేసియ్యి."

జలంధర్‌ది ఇంట్లో పాస్‌పోర్టు ఫొటో ఒక్కటే ఉంది. అందులో అతను ఎవరో తిట్టినట్టు ముఖం పెట్టుకొని ఉన్నాడు.

"ఉంటది అవ్వా. రంజాన్ పండుగ లోపల తెచ్చిస్త" అన్నాను.

సెప్టెంబర్ 11

బీరువా అంతా వెతికాను. అందులో ఉండదని నాకు తెలుసు. అయినా వెతికాను.

మామూ దుకాణం పద్ధతి ఇది. సీడీలు ఇచ్చేశాక అసలు క్యాసెట్లను ఏడాదిపాటు బీరువాలో ఉంచుతాడు. తర్వాత అవి కింది రేకు డబ్బాలోకి దిగుతాయి. సీజన్లో కొత్త క్యాసెట్లు చాలకపోతే డబ్బాలోంచి తీసి, పాత పెళ్లి మీదే కొత్త పెళ్లి ఎక్కిస్తాడు. కోరుట్లలో అందరూ చేసేదే. మా సినిమాకు నేను తీసుకున్న మూడూ డబ్బాలోవే. పాత చీటీల మీద తెల్ల చీటీలు అంటించి ఒకటి, రెండు, మూడు అని రాశాను. పాత చీటీలు చదవలేదు. బస్సు టైము అవుతుంటే ఎవరు చదువుతారు?

డబ్బా అడుగున "రుద్రంగి 1" దొరికింది. కెమెరాలో వేసి చూశాను. పందిరి, మంగళస్నానాలు, తలంబ్రాలు. జలంధర్ ఎక్కడా లేడు. అతను రెండోదాంట్లో ఉండాలి.

సెప్టెంబర్ 12

రెండోది దొరకలేదు. ఎక్కడో ఉంటుంది.

సెప్టెంబర్ 15

రంజాన్ మొదలైంది. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత దుకాణానికి వచ్చి నా గదిలో కూర్చున్నాను.

నా గది అంటే దుకాణం వెనుక, తలుపుకు పరదా కట్టిన అర. మా పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు తీసిన క్యాసెట్లను మగవాళ్లు చూడకూడదు. మామూ కూడా చూడడు. అందుకే నాకు పదిహేడేళ్లప్పుడు మిక్సింగ్ నేర్పి, ఈ గది తాళం చేతికిచ్చాడు. పరదా దాటి ఒక్క మగపురుగు రాదు. ఊళ్లో సగం పెళ్లికూతుళ్ల మెహందీ చేతులు నాకు తెలుసు. వాళ్లు ఎదురుపడితే గుర్తుపట్టను గాని, చేతులు చూపిస్తే పేరు చెప్పగలను. ఈ డైరీ కూడా ఇక్కడే ఉంటుంది. ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు, ఉర్దూలో రాస్తే అమ్మీ చదివేస్తుంది.

మొదటి క్యాసెట్ ఎక్కించాను. క్యాసెట్లో ఉన్నది కంప్యూటర్‌లోకి రావడానికి దారి ఒక్కటే. కెమెరాను వైరుతో కలిపి, మొదటినుంచి ఆడించాలి. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది. తొందరపెట్టడానికి లేదు. ఎంతసేపు జరిగిందో మళ్లీ అంతసేపూ జరగాలి. దివాకర్‌కు ఇది విసుగు. నాకు ప్రాణం. చేతులు ఒళ్లో పెట్టుకొని, దాహం మరిచిపోయి చూస్తూ ఉంటాను. తెర మీద సాంచ నడుస్తూ ఉంది, తెల్ల బట్ట అంగుళం అంగుళం వస్తూ ఉంది. కాసేపటికి ఆ బట్ట తెర దాటి గదిలోకి, నా పాదాల దాకా వచ్చింది. దాని మీద నడుచుకుంటూ పోతే సిరిసిల్ల చేరతాను అనుకున్నాను. ఎవరో పరదా అవతల దగ్గితే మెలకువ వచ్చింది. క్యాసెట్ ఆగిపోయి ఉంది.

సెప్టెంబర్ 18

రెండో క్యాసెట్. నలభయ్యో నిమిషం దగ్గర సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. సిరిసిల్లలో ఆ రోజు కరెంటు పోయిన సంగతి గుర్తొచ్చింది. కార్మికులు అంగీలు విప్పి విసురుకుంటున్నారు. ఒకాయన కెమెరావైపు చూసి, "భివండి పోయినోళ్లకు గీ బాధ లేదమ్మా, ఆడ ఎప్పుడు కరెంటుంటదట" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఇక్కడా కరెంటు పోయింది. తెర నల్లబడింది. ఏ ఊళ్లో కరెంటు పోయిందో అర్థం కాక చీకట్లో నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఎక్కించిందంతా పోయింది. మొదటినుంచి మళ్లీ.

సెప్టెంబర్ 19

రెండోది అయిపోయింది. మూడోది రేపు.

సెప్టెంబర్ 22

జగిత్యాల, కాలేజీ. ఆనందం సార్ అక్టోబర్ పన్నెండు గడువు పెట్టారు. ఆ తర్వాత దసరా సెలవులు. మా సినిమా పేరు అడిగారు. "కండె" అని దివాకర్ చెప్పాడు. సార్ తల ఊపి, "నిమిషాలు పన్నెండు దాటొద్దు, ఏడుపు రెండు దాటొద్దు" అన్నారు.

బయట చాయ్ బండి దగ్గర దివాకర్ తను తాగుతూ నా ఉపవాసం గుర్తొచ్చి సిగ్గుపడి సగంలో పారబోశాడు. మంచివాడు.

"మూడోది ఎక్కించినవా?"

"హార్డ్ డిస్క్ నిండింది. జాగ లేదు."

"పాత పెళ్లిళ్లు తీసెయ్యరాదు. లేకుంటె నేనే అచ్చి చేస్త, నువ్వు ఉపాసముంటవు గద."

"అది ఆడోళ్ల గది దివాకర్. మగోళ్లు రావద్దు."

ఈ పరదా నాకు ఇంతకుముందెప్పుడూ ఇంత అక్కరకు రాలేదు.

సెప్టెంబర్ 25

బాలలక్ష్మి సెల్లు నుంచి మొగిలవ్వ ఫోన్ చేసింది. సెల్లు ఎలా పట్టుకోవాలో తెలియక దూరంగా పెట్టుకొని గట్టిగా అరుస్తోంది.

"దొర్కిందా బిడ్డా?"

రుద్రంగి 1 దొరికిన మాట నిజమే కదా. "దొర్కింది అవ్వా" అన్నాను.

"నీ కడుపు సల్లగుండ" అంది. మళ్లీ తనే చెప్పుకుంటూ పోయింది. ఆ క్యాసెట్లో జలంధర్ బంతిలో అన్నం వడ్డిస్తాడట. బరాత్‌లో సిగ్గు విడిచి ఎగురుతాడట. వియ్యపురాలికి నీళ్లిస్తూ చీర మీద ఒలకబోస్తాడట. చివర అప్పగింతలప్పుడు కుర్చీలు మోసుకుంటూ వస్తాడట, సీడీ ఇక ముందుకు కదలక ఆగిపోయేది అక్కడేనట. ఆమె చెబుతుంటే నాకు ఒక్కొక్కటీ కనబడింది.

"కొత్త సీడీ అచ్చినంక గీ పాతదాన్ని ఏం జెయ్యాలె బిడ్డా, పారెయ్యన్నా?" అని అడిగింది.

"పారెయ్యకు. ఉండనియ్యి" అన్నాను, గట్టిగా. ఎందుకంత గట్టిగా అన్నానో ఆమెకు అర్థమై ఉండదు.

సెప్టెంబర్ 27

కెమెరా హెడ్డుకు దుమ్ము పట్టినట్టుంది. శుభ్రం చేశాక మూడోది ఎక్కిస్తాను.

సెప్టెంబర్ 28

హెడ్డు బాగానే ఉంది. నాకే తలనొప్పి.

అక్టోబర్ 1

మామూ పరదా బయట నిలబడి అడిగాడు. పండుగ అవగానే వరుసగా నిఖాలు ఉన్నాయట, ఒక్క వారంలో తొమ్మిది. "మీ కాలేజీ క్యాసెట్లు కూడా డబ్బాల వెయ్యి బేటా. అన్నిటి మీద ఎక్కియ్యాలె." (మామూ ఉర్దూలో అన్నదే, నేను తెలుగులో రాస్తున్నాను.) వారం గడువు అడిగాను.

చదివాను.

సిరిసిల్ల బయలుదేరేముందు, తెల్ల చీటీ అంటించేముందు, మూడోదాని మీది పాత చీటీ చదివాను. మామూ రాతలో "రుద్రంగి 2" అని ఉంది. అప్పటికి నాకు రుద్రంగి అంటే వేములవాడ బస్సు ఆగే ఊరు, అంతే. అక్కడిదాకా నా తప్పు లేదు.

కానీ మొగిలవ్వ రుద్రంగి పేరెత్తి ఆ క్యాసెట్ అడిగినప్పుడు కెమెరా తిరుగుతూ ఉంది. నాకు వెంటనే గుర్తొచ్చింది. పాత పెళ్లి ఎంత చెరిగిందోనని చిన్న తెర మీద అంకె చూశాను. నాలుగు నిమిషాలు. నాలుగే. చెయ్యెత్తితే దివాకర్ ఆపేవాడు. వడ్డన ఉండేది. బరాత్ ఉండేది. ఒలికిన నీళ్లు ఉండేవి.

సంచిలో వేరే క్యాసెట్ లేదు. ఆమె గొంతు అప్పుడే దారిలో పడింది. కిటికీ వెలుతురు కండె మీద, ఆమె వేళ్ల మీద పడుతోంది. అటువంటి షాటు మళ్లీ రాదనుకున్నాను. చెయ్యెత్తలేదు. "ఉంటది అవ్వా" అన్నాను. ఇంకో నలభై తొమ్మిది నిమిషాలు మాట్లాడించాను, ఆమె కొడుకు గురించే.

ఇది రాయడానికి ఇరవై రెండు రోజులు పట్టింది.

అక్టోబర్ 3

మూడోది ఎక్కించాను.

ఆమె కండె చుడుతోంది. జలంధర్ చిన్నప్పుడు చింతపువ్వు తిని కడుపునొప్పి తెచ్చుకున్న సంగతి చెబుతోంది. నేను చూస్తున్నది ఆమెను కాదు. ఆమె వెనుక గోడ మీద బరాత్ పోతూ ఉండాలి ఇప్పుడు. ఇక్కడ వడ్డిస్తూ ఉండాలి. ఆమె నవ్విన చోట వియ్యపురాలు చీర దులుపుకుంటూ ఉండాలి. కళ్లు చికిలించి చూశాను, ఏమైనా కనబడుతుందేమోనని. కనబడదని మిక్సింగ్ చేసేదాన్ని నాకు తెలియదా. అయినా చూశాను.

యాభై మూడో నిమిషం. "ఇంకేమన్న చెప్పేదుందా అవ్వా?" అని నా గొంతు అడిగింది, తీపిగా. ఆ గొంతు నాకు నచ్చలేదు.

"ఏముంటది బిడ్డా. ఆకలైతె నోరు దెర్శి అడగడు వాడు. గదే నా రంది."

ఎప్పుడూ ఇక్కడ ఆపేస్తాం. షాటు అయిపోతే క్యాప్చర్ ఆపాలి, డిస్కు వృథా చేయకూడదు, ఇది మామూ నేర్పిన మొదటి పాఠం. నేను ఆపలేదు. చేతులు ఒళ్లోనే ఉంచుకున్నాను.

బొమ్మ చిరిగింది. సన్నాయి ఒక్కసారిగా మీద పడింది. కెమెరా తెర మీద తారీఖు 2007 నుంచి 2005 ఫిబ్రవరికి పడిపోయింది. ముందు క్షణం నెరిసిన జుట్టుతో కండె పట్టుకున్న మొగిలవ్వ, ఇప్పుడు పట్టుచీరలో, నల్ల జుట్టుతో, బాలలక్ష్మి తల మీద చెయ్యి పెట్టి ఏడుస్తోంది. రెండున్నరేళ్లు. ఒక మనిషి జుట్టు అంత తొందరగా నెరుస్తుందా?

మా సినిమా చేరని చోట పాత పెళ్లి అలాగే మిగిలి ఉంది. ఏడు నిమిషాలు. అప్పగింతలు, కారు, మసక మసకగా సాయంత్రం. ఆరు నిమిషాలు దాటాక పందిరి వెనుక నుంచి ఒక బక్క మనిషి నాలుగు కుర్చీలు భుజాన వేసుకొని కెమెరావైపు నడిచి వచ్చాడు. పాస్‌పోర్టు ఫొటోలో ముఖమే గాని ఎవరూ తిట్టినట్టు లేడు. ఎవరినో చూసి నవ్వుతున్నాడు. వస్తూ వస్తూ ఉండగానే క్యాసెట్ అయిపోయింది.

నలభై సెకన్లు. తలుపు గడియ పెట్టుకొని ఏడ్చాను.

అక్టోబర్ 4

మూడో క్యాసెట్ వెనుక ఉన్న చిన్న మీటను పక్కకు జరిపాను. ఇక దాని మీద ఎవరూ ఏమీ ఎక్కించలేరు. ఆ మీట సెప్టెంబర్‌లో కూడా అక్కడే ఉంది.

అక్టోబర్ 5

ఆ నలభై సెకన్లను సినిమాలో పెట్టి చూశాను. "గదే నా రంది" అని ఆమె అన్న వెంటనే, సన్నాయి, కొడుకు నడిచి రావడం. ఎంత బాగా కుదిరిందంటే నాకే ఒళ్లు జలదరించింది. దివాకర్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అంతా విని, "ఉండనీ బుష్రా. ఆనందం సార్ సుత ఏడుస్తడు" అన్నాడు.

తీసేశాను. మళ్లీ పెట్టాను. మళ్లీ తీసేశాను.

అక్టోబర్ 6

మామూకు చెప్పాను. పరదా ఇవతల నేను, అవతల ఆయన. ముఖాలు కనబడకపోవడం ఇద్దరికీ మేలైంది.

"డబ్బాల ఏసింది నేను" అన్నాడు ముందు. తర్వాత, "కానీ గా మాట ఆమెకు చెప్పకు బేటా. దుకాణం పద్ధతి గిట్ల, క్యాసెట్లు తక్కువున్నయి, గవన్ని చెప్పకు. 'నాకు తెలిసి సుత ఆపలే' అని చెప్పు. గంతే."

"తిడితే?"

"తిట్టనియ్యి. గా తిట్లు నీయే గద."

అక్టోబర్ 12

నాలుగు రోజులు రాయలేకపోయాను. ఈ రోజు జగిత్యాల పోయి సార్‌కు సినిమా ఇచ్చేశాం. పదకొండు నిమిషాలు. ఆ నలభై సెకన్లు అందులో లేవు. బస్సులో దివాకర్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కోరుట్ల దగ్గరపడ్డాక, "నువ్వు చేసిందే మంచిగుంది" అని కిటికీకే చెప్పాడు.

ఇప్పుడు ఎనిమిదో తారీఖుది రాస్తాను.

మొగిలవ్వ ఒక్కతే వచ్చింది, సిరిసిల్ల నుంచి రెండు బస్సులు మారి. నా గదిలో కూర్చోబెట్టాను. నీళ్లిస్తే, "నువ్వు ఉపాసమున్నవు, నీ ముందట నేనెట్ల తాగుత" అని గ్లాసు పక్కన పెట్టింది. పరదా చూసి, "మంచిగుంది బిడ్డా, ఎవ్వలు రారు" అంది.

చూపించిన తర్వాత చెబుదామని ఒక క్షణం అనుకున్నాను. అలా అయితే మళ్లీ అదే పని అవుతుంది. ముందే చెప్పాను. చీటీ చదివింది, నాలుగు నిమిషాలు, చెయ్యెత్తకపోవడం, ఫోన్లో దొరికిందని ఆడిన అబద్ధం, సినిమాలో పెట్టి తీసింది, అన్నీ.

ఆమె అన్నీ విన్నది. తిట్టలేదు. కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ ఉంది, కండె చుట్టినట్టే. అలా చుడుతూనే అడిగింది.

"అంటె నేను వాని ముచ్చట చెప్పుకుంటనే వాణ్ణి తుడ్శిన్నా?"

"మీరు కాదు అవ్వా. నేను."

"నేను మాట్లాడకపోతె ఉండేటోడు గద."

ఆమె పాదాలు పట్టుకున్నాను. మా ఇళ్లలో ఎవరూ పాదాలు పట్టుకోరు. ఆమె వెనక్కి లాక్కొని, "లే బిడ్డా, లే. ఉన్నకాడికి సూపియ్యి" అంది.

కంప్యూటర్‌లో పెట్టాను. సన్నాయి మొదలైంది. బిడ్డ ఏడుస్తుంటే, "ఊకో, ఊకో" అంది తెరకు. కారు కదిలింది. నిమిషాలు నడుస్తున్నాయి. ముందుకు తోయనా అని అడిగితే వద్దంది. ఆమెకు ప్రతి క్షణం నోటికి వచ్చు. "గిప్పుడు మా ఆడిబిడ్డ తిరుగుతది" అంటే ఆమె తిరిగింది. "గిప్పుడు లైటు పోతది" అంటే లైటు పోయింది. తర్వాత కుర్చీలో ముందుకు జరిగింది.

"గిప్పుడస్తడు."

పందిరి వెనుక నుంచి నాలుగు కుర్చీలతో జలంధర్ వచ్చాడు. అది సీడీ ఆగే చోటు. ఇక్కడ ఆగలేదు. ఆమె ఇంతకాలం చూడని అడుగు అతను వేశాడు. ఇంకొకటి వేశాడు. నవ్వాడు.

ముఖం దగ్గరగా వస్తోంది. ఇంకో పది సెకన్లలో క్యాసెట్ అయిపోతుందని నాకు తెలుసు, ఆమెకు తెలియదు. నవ్వు ముఖం తెర నిండా ఉన్నప్పుడు ఆపితే కడుపునిండా చూసుకుంటుంది కదా అని బటన్ మీద వేలు పెట్టాను. ఈసారి చెయ్యెత్తాలనే అనుకున్నాను.

మొగిలవ్వ తెర మీద నుంచి కళ్లు తీయకుండానే నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకు బిడ్డా. అస్తున్నడు గద. రానియ్యి."